‘బాజీ’కి ‘గిల్డా’ ప్రేరణ అనడానికి ఆధారం ఎక్కడ?

గురుదత్ దర్శకత్వం వహించిన తొలి హిందీ సినిమా ‘బాజీ’ (1951) మీద హాలీవుడ్ చిత్రం ‘గిల్డా’ (1946) ప్రభావం ఉందని చాలామంది రాస్తారు. రెండూ వెంటవెంటనే చూశాను. జూదగృహం, క్లబ్బులో పాట, ముఖాల మీద సగం వెలుగు సగం నీడ కలుస్తున్నాయి. జబ్బుపడ్డ చెల్లెలి కోసం తంటాలు పడే పేద జూదరి కథ మాత్రం ‘గిల్డా’లో లేదు, ‘బాజీ’కి ప్రాణం అదే అనిపిస్తుంది నాకు.

ఫిల్మ్‌ఫేర్ పత్రిక మొదలైందే 1952లో కాబట్టి విడుదలనాటి సమీక్ష అందులో దొరకదు. ‘ఫిల్మ్‌ఇండియా’ 1951 సంచికల్లో స్కాన్లుగా నాకందినవి తిరగేశాను, ‘గిల్డా’ ఊసు కనబడలేదు. తర్వాతి వ్యాసాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి.

గురుదత్ గానీ, స్క్రిప్టు రాసిన బల్‌రాజ్ సాహ్నీ గానీ, హీరో దేవానంద్ గానీ ‘గిల్డా’ ప్రభావం గురించి స్వయంగా చెప్పిన ఇంటర్వ్యూ, ఉత్తరం, వ్యాసం ఏదైనా మీకు తెలుసా?