అమ్మ కోసం పాత వన్‌ప్లస్ 6లో లీనియేజ్ ఓఎస్ వేయవచ్చా? యూపీఐ వాడకం ఉంది

గోదారిగట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నా దగ్గర 2018 నాటి వన్‌ప్లస్ 6 ఉంది. ఈ మధ్యే బ్యాటరీ మార్పించాను, తెర మీద గీత కూడా లేదు. అయితే కంపెనీ అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 11తో ముగిశాయి. అమ్మ వాడుతున్న ఫోను బాగా నెమ్మదించింది కాబట్టి దీనిలో లీనియేజ్ ఓఎస్ (ఫోన్ కంపెనీతో సంబంధం లేకుండా స్వచ్ఛంద బృందం తయారుచేసే ఆండ్రాయిడ్) వేసి ఆమెకు ఇద్దామని ఆలోచన. ఆమె వాట్సాప్, యూట్యూబ్‌లో ప్రవచనాలతో పాటు కరెంటు బిల్లు, గ్యాసు, మందుల షాపు చెల్లింపులన్నీ యూపీఐలోనే చేస్తారు. రూట్ చేసే, అంటే వ్యవస్థ మీద పూర్తి అధికారం తీసుకునే, ఉద్దేశం నాకు లేదు. భద్రతా ప్యాచ్ తేదీ తాజాగా ఉంటే ఫోను సురక్షితమైనట్టేనా, లేక బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయడం వల్ల ఉన్న భద్రత కూడా పోతుందా అన్నది నా సందేహం.

బూట్‌లూప్‌బాబాయ్:
గోదారిగట్టు గారూ, తేదీ గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. లీనియేజ్ వేశాక సెట్టింగ్స్‌లో ‘ట్రస్ట్’ అనే పేజీ తెరిచి చూడండి. అక్కడ ప్లాట్‌ఫామ్‌కు (ఆండ్రాయిడ్‌కు) ఒక తేదీ, వెండర్‌కు (ఫోన్, చిప్ కంపెనీలు ఇచ్చే భాగాలకు) మరొక తేదీ ఉంటాయి. మొదటిది కొత్త బిల్డులతో పాటు ముందుకు జరుగుతుంది. రెండోది కంపెనీ చివరిసారి ప్యాచ్ ఇచ్చిన చోటే ఉండిపోతుంది. మోడెమ్, బూట్‌లోడర్, వేలిముద్రను సరిచూసే సురక్షిత విభాగం వంటివాటి ఫర్మ్‌వేరు (ఆ భాగాలను నడిపే లోపలి ప్రోగ్రాం) చిప్ తయారీదారు లేదా ఫోన్ కంపెనీ సంతకంతోనే వస్తుంది కనుక, లీనియేజ్‌కు స్వచ్ఛందంగా పనిచేసేవారు ఎంత సమర్థులైనా దానిలోని లోపాలను సరిదిద్దలేరు.

అలాగని లీనియేజ్ వల్ల ప్రయోజనం లేదనడం అన్యాయం. బ్లూటూత్‌లోనూ, వీడియోలను, బొమ్మలను చదివే భాగాలలోనూ బయటపడే లోపాలలో చాలావరకు ప్లాట్‌ఫామ్ వైపే ఉంటాయి, అవి సరవుతాయి. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ ఫోన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ 11 కూడా పూర్తిగా గాలికి వదిలేసినది కాదు. క్రోమ్, వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపే భాగం) ప్లే స్టోర్ ద్వారానే అప్‌డేట్ అవుతాయి, ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలోని కొన్ని భాగాలు కూడా గూగుల్ నుంచి నేరుగా వస్తున్నాయి.

తాళంకప్ప:
పై సమాధానంతో ఏకీభవిస్తూ బూట్‌లోడర్ సంగతి చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు నిర్ణయం అక్కడే ఉంది. తాళం వేసి ఉన్న ఫోను ఆన్ అయిన ప్రతిసారీ, నడవబోయే వ్యవస్థ మీద ఎవరి సంతకం ఉందో సరిచూసుకుంటుంది. అన్‌లాక్ చేసిన ఫోన్‌లో ఆ తనిఖీకి విలువ ఉండదు. తెర మీద కొన్ని క్షణాలు హెచ్చరిక చూపి, ఏ వ్యవస్థ ఉంటే దానినే నడిపిస్తుంది.

దీని అర్థం దొంగ చేతిలో పడగానే ఫొటోలన్నీ బయటపడతాయని కాదు. డేటా ఎన్‌క్రిప్షన్ అలాగే ఉంటుంది, పిన్ తెలియకుండా దానిని విప్పడం తేలిక కాదు. ప్రమాదం మరొక విధంగా ఉంది. రిపేరు కోసం ఫోను రెండు గంటలు షాపులో ఇచ్చి వచ్చారనుకోండి. ఆ సమయంలో ఎవరైనా మార్పు చేసిన బూట్ ఇమేజ్ (వ్యవస్థను మొదలుపెట్టే భాగం) ఎక్కించి తిరిగి ఇస్తే, తరువాత మీ అమ్మగారు పిన్ కొట్టినప్పుడు అది ఎవరికి చేరుతుందో చెప్పలేము. పైగా పోయిన ఫోన్‌ను చెరిపేసి మళ్ళీ వాడుకోకుండా ఆపే గూగుల్ ఖాతా రక్షణ కూడా అన్‌లాక్ అయిన ఫోన్‌లో దాదాపు నామమాత్రమే.

లీనియేజ్ వేశాక తిరిగి తాళం వేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. చాలా ఫోన్లు లీనియేజ్ సంతకాన్ని గుర్తించవు, అప్పుడు ఫోను అసలు బూట్ కాకుండా పోయే అవకాశం ఉంది.

మ్యాజిస్క్‌మామ:
ఇంత భయపెట్టనవసరం లేదండీ. నేను అన్‌లాక్ చేసిన ఫోన్‌లోనే, ఆ సంగతి యాప్‌లకు తెలియకుండా దాచే మాడ్యూల్ (చిన్న ప్రోగ్రాం) సాయంతో యూపీఐ యాప్ వాడుతున్నాను. ఎప్పుడైనా ఆగితే కొత్త మాడ్యూల్ వేసుకుంటాను.

తాళంకప్ప:
మ్యాజిస్క్‌మామ గారూ, మీరు వేసుకోగలరు, వారి అమ్మగారు వేసుకోలేరు కదా! ఫోను నమ్మదగినదో కాదో యాప్‌లకు చెప్పే గూగుల్ తనిఖీ అయిన ప్లే ఇంటెగ్రిటీ నిబంధనలు 2025 మే నుంచి కఠినమయ్యాయి. ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో, బూట్‌లోడర్‌కు తాళం ఉందని హార్డ్‌వేర్ స్వయంగా ధ్రువీకరిస్తేనే ‘డివైస్’ స్థాయి దక్కుతుంది. మాడ్యూళ్ళు ఎక్కడో బయటపడిన తాళపుచెవులతో ఆ ధ్రువీకరణను నటిస్తాయి, గూగుల్ వాటిని గుర్తించి రద్దు చేస్తూ ఉంటుంది. గ్యాసు బండి గుమ్మం ముందు ఉన్నప్పుడు చెల్లింపు ఆగిపోతే ఆమె ఎవరిని అడగాలి? అదీగాక ఆ మాడ్యూల్ కోసం రూట్ చేయాలి. గోదారిగట్టు గారు మొదటే వద్దనుకున్నది అదే.

గోదారిగట్టు:
వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. అయితే అమ్మకు వేరే ఫోను చూస్తాను. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు తన పాత పిక్సెల్ 8 ఇస్తానంటున్నాడు. తీసుకునే ముందు ఏమేమి చూసుకోవాలి? వన్‌ప్లస్‌ను మాత్రం ప్రయోగాలకు నేనే ఉంచుకుంటాను.

బూట్‌లూప్‌బాబాయ్:
పిక్సెల్ 8 నిక్షేపంగా తీసుకోండి. 2023 అక్టోబరులో విడుదలైనప్పుడే 7 సంవత్సరాల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ ప్రకటించింది కాబట్టి 2030 దాకా దిగులు లేదు. మీ తమ్ముడు ఫోన్‌ను రీసెట్ చేయడానికి ముందే సెట్టింగ్స్‌లో నుంచి తన గూగుల్ ఖాతా తొలగించాలి. రికవరీ (ఫోను మామూలుగా ఆన్ కాకముందే తెరుచుకునే మరమ్మతు మెనూ) నుంచి నేరుగా చెరిపేస్తే ఇక్కడ మీరు ఆన్ చేసినప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు అర్ధరాత్రి డాలస్‌కు ఫోను చేయవలసి వస్తుంది. అక్కడి టెలికాం కంపెనీ లాక్ ఉందేమో కూడా కనుక్కోమనండి. ఆ లాక్ ఉంటే మన సిమ్ పనిచేయదు. వెరిజాన్ అమ్మిన పిక్సెల్ అయితే బూట్‌లోడర్ అన్‌లాక్‌కు వీలుండదు గాని, మీ అవసరానికి అది అడ్డు కాదు.

ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మాత్రం డబ్బు ఇవ్వకముందే *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్య చూసి, కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలను 14422కు ఎస్సెమ్మెస్ పంపాలి. బ్లాక్ అయిన ఫోనయితే జవాబులో తెలిసిపోతుంది.

ఇక మీ వన్‌ప్లస్ విషయం. అన్‌లాక్ చేయగానే అందులోని డేటా మొత్తం చెరిగిపోతుంది, ముందే బ్యాకప్ తీసుకోండి. ఈ ఫోన్‌లో వ్యవస్థకు రెండు స్లాట్లు (రెండు ప్రతులకు వేర్వేరు చోట్లు) ఉంటాయి. ఒకదానిలో పాత ఫర్మ్‌వేరు మిగిలిపోతే లీనియేజ్ ఆ స్లాట్‌లోకి మారినప్పుడు చిక్కు వస్తుంది. అందుకే కంపెనీ ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 11 వేసి, లీనియేజ్ వికీలో ఉన్న కాపీ పార్టిషన్స్ జిప్‌ను రికవరీ నుంచి సైడ్‌లోడ్ చేసి (కంప్యూటర్ ద్వారా ఎక్కించి), రెండు స్లాట్లూ ఒకే స్థితికి వచ్చాకనే అసలు ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టండి. గూగుల్ యాప్స్ కావాలనుకుంటే లీనియేజ్ మొదటిసారి బూట్ కాకముందే వేయాలి. జియో సిమ్ వేసే ఆలోచన ఉంటే అన్నీ పూర్తయ్యాక వోల్టీ (4జీ మీద కాల్స్ వెళ్ళే పద్ధతి) పనిచేస్తోందో లేదో చూసుకోండి. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ లేకపోతే మామూలు కాల్స్ వెళ్ళవు.