పాత సుబారు 2.5 కొనే ముందు ఏం చూడాలి? ఆ అడ్డ ఇంజను కథేమిటి?

కొత్తస్టీరింగ్ అడిగారు:

అందరికీ నమస్కారం. రెండు సుబారు బళ్ళు పరిశీలనలో ఉన్నాయి. ఒకటి 2006 ఫారెస్టర్. టర్బో లేని 2.5 లీటర్ల ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్, 1,52,000 కి.మీ. తిరిగింది. రెండోది 2013 అవుట్‌బ్యాక్, అదీ 2.5 లీటర్లే కానీ సీవీటీ (విడి గేర్లు లేకుండా నిష్పత్తి సాగుతూ మారే ఆటోమేటిక్), 1,30,000 కి.మీ.

సుబారు అనగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పైన బిగించే హెడ్డుకూ మధ్య ఉండే సీలు పొర) పోతుందంటారు. అది అన్ని ఇంజన్లకూ వర్తిస్తుందా? కొనే ముందు ఎలా పట్టుకోవాలి? ఒక్క టైరు పాడైనా నాలుగూ మార్చాలంటారు, నిజమేనా? ఇంకో సందేహం: దాదాపు అందరూ ఇంజను నిలబెడుతుంటే ఈ కంపెనీ ఎందుకు పడుకోబెడుతోంది?

---

బాక్సర్‌ప్రియ:

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తానండి, మిగతావాటి మూలం కూడా అక్కడే ఉంది.

సుబారు అంటే జపాన్ భాషలో మన కృత్తికలు. బ్యాడ్జి మీద ఉన్న ఆరు నక్షత్రాలు అవే. మనకూ కుమారస్వామిని పెంచిన కృత్తికలు ఆరుగురే కదా. వాటిలో పెద్దది ఫుజీ హెవీ ఇండస్ట్రీస్, చిన్నవి అందులో కలిసిన ఐదు కంపెనీలు. ఈ కలయిక 1953లో మొదలైంది. కంపెనీ పేరే సుబారు కార్పొరేషన్‌గా మారింది మాత్రం 2017 ఏప్రిల్ 1న.

ఆ కంపెనీల వేరు విమానాల్లో ఉంది. చికుహే నకజిమా 1917లో గున్మా ప్రాంతంలోని ఓటాలో విమానాల సంస్థ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో విమానాల తయారీ ఆగిపోయింది. చేతిలో పనితనం ఉండీ పనిలేని ఆ ఇంజనీర్లు 1946లో రాబిట్ అనే స్కూటరు చేశారు. 1958లో షిన్‌రొకు మొమొసె బృందం సుబారు 360 తెచ్చింది. 356 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, అదీ వెనక. బండి బరువు 385 కిలోలు. కింద వేరే ఛాసిస్ లేకుండా, విమానంలోలాగ పైపెంకే బరువు మోసేట్టు కట్టారు కాబట్టే అంత తేలిక.

మీరడిగిన పడుకున్న ఇంజను, అంటే బాక్సర్ ఇంజను, 1966లో సుబారు 1000తో వచ్చింది. 977 సీసీ, ముందు చక్రాల డ్రైవ్. సిలిండర్లు క్రాంకు షాఫ్టుకు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) అటు రెండు, ఇటు రెండు పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి కాబట్టి ఒకదాని కుదుపును ఇంకోటి చంపేస్తుంది. ఇంజను బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, మలుపుల్లో బండి అంతగా ఒరగదు. అసలు లాభం ఇంకోటుంది. ఇంజను పొట్టి, దాని వెనకే గేర్‌బాక్సు బండి పొడుగు వెంట ఉంటుంది. దాని తోకకు ఒక షాఫ్టు తగిలిస్తే చాలు, వెనక చక్రాలకూ శక్తి వెళ్తుంది. మంచు కొండల్లో తిరగడానికి తొహోకు విద్యుత్ సంస్థ ఇలాంటి బండి కావాలంటే 1971లో ఎఫ్ఎఫ్-1 వ్యాను మీద చేసిచ్చారు. మరుసటి ఏడాది లియోన్ ఎస్టేట్ వ్యాను నాలుగు చక్రాల డ్రైవుతో మామూలు అమ్మకానికి వచ్చింది. సుబారుకు నేటికీ ఉన్న గుర్తింపు అక్కడ పుట్టినదే. ర్యాలీల్లో ఇంప్రెజా 1995, 96, 97 వరసగా మూడేళ్ళు తయారీదారుల ప్రపంచ టైటిల్ తెచ్చింది కూడా ఈ అమరికతోనే.

పడుకున్న ఇంజనుకు మూల్యమూ ఉంది. రెండు హెడ్లు, రెండు గ్యాస్కెట్లు, ఇరుకులో స్పార్కు ప్లగ్గులు. నిలబడ్డ ఇంజను ఆపితే ఆయిల్ కిందికి జారి సంపులో (అడుగు తొట్టిలో) పడుతుంది. ఇందులో హెడ్డు పక్కకు ఉంది కాబట్టి ఆయిలూ కూలెంటూ హెడ్డు దిగువ అంచు దగ్గర నిలుస్తాయి. అతుకు ఎప్పుడూ తడిలోనే ఉంటుంది.

---

గ్యాస్కెట్‌గట్టు:

బాక్సర్‌ప్రియ గారు చెప్పిన ఆ దిగువ అంచే అసలు చోటు. అయితే హెడ్ గ్యాస్కెట్ జబ్బు ఒకటి కాదు, రెండు. అందరూ కలిపేసి మాట్లాడతారు.

మొదటిది 1996-99 నాటి డీఓహెచ్‌సీ (ఒక్కో హెడ్డులో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులు రెండు) ఈజే25డీ ఇంజనులో వచ్చేది. సిలిండర్లో మండిన గ్యాసు కూలెంటు దారిలోకి దూరుతుంది. బయట చుక్క కూడా కనబడదు. పది నిమిషాలు ట్రయల్ చూస్తే బండి బంగారం. అరగంట హైవే మీదో, ఎత్తు మీదో లాగించాక టెంపరేచర్ ముల్లు లేస్తుంది, ఓవర్‌ఫ్లో డబ్బాలో బుడగలు వస్తాయి.

రెండోది ఎస్ఓహెచ్‌సీ (హెడ్డుకు ఒకే క్యామ్ షాఫ్టు) ఈజే251, ఈజే253 ఇంజన్లది. మీ 2006 ఫారెస్టర్‌లో ఉన్నది ఈజే253. ఇక్కడ లీకు బయటికే. ముందు ఆయిల్ చెమ్మ, తర్వాత కూలెంటు. కారణం గ్రాఫైటు పూత ఉన్న ఒంటి పొర గ్యాస్కెట్. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అల్యూమినియం హెడ్డు సాగి ముడుచుకుంటుంది, ఆ పూత అరిగిపోతుంది. నెమ్మదిగా ముదిరే జబ్బు కాబట్టి కూలెంటు లెవెల్ చూసుకుంటూ ఉంటే ఇంజను దక్కుతుంది.

పరీక్ష ఇలా చేయండి. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి, ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. రేడియేటర్ మూత తీసి కూలెంటు అంచుదాకా ఉందా, పైన జిడ్డు తేలుతోందా చూడండి. లైటు పట్టుకుని కింద దూరి, రెండు వైపులా హెడ్డూ బ్లాకూ కలిసే అంచు వెంట చూడండి. దుమ్ము పట్టిన ఆయిల్ చారలుంటే ఆయిల్ లీకు. తెల్లగా, పచ్చగా పేరుకున్న మరకలుంటే కూలెంటు లీకు. వాల్వ్ కవర్ నుంచి కారిన ఆయిల్ కూడా అక్కడికే చేరుతుంది. అందుకని పైనుంచి తడి గీత ఉందా, అతుకు దగ్గరే మొదలైందా అని తేల్చుకోకుండా బండిని తిట్టకండి. ఇంజను అద్దంలా కడిగి ఉంటే మాత్రం నాకు అనుమానమే. ఇంకో వారం నడిపించి మళ్ళీ చూపించమనండి.

తర్వాత కనీసం 30 కి.మీ. నడిపి, ఇంజను ఆపకుండా ఓవర్‌ఫ్లో డబ్బా చూడండి. ఆగకుండా బుడగలు, పెట్రోలు పొగ వాసన ఉంటే గ్యాసు దూరుతున్నట్టే. రేడియేటర్ మీద పెట్టి గాలి లాగే నీలం ద్రవం పరీక్ష ఒకటుంది, రంగు పసుపుకు తిరిగితే ఇక సందేహం అక్కర్లేదు. వేడిగా ఉండగా మూత తీయొద్దు, కూలెంటు ఎగిరి ముఖం కాలుతుంది.

రిపేరు చేయిస్తే రెండు వైపులా ఒకేసారి చేయించాలి. పాత రకం ఒంటి పొరది మళ్ళీ వేయకూడదు. టర్బో 2.5కి వచ్చే బహుళ పొరల స్టీలు గ్యాస్కెట్ వేయించండి. స్టీలు గ్యాస్కెట్‌కు హెడ్డు నున్నగా, సమంగా ఉండి తీరాలి, కాబట్టి మెషీను షాపుకు పంపాలి. బోల్టుల మరలకూ వాషర్లకూ ఆయిల్ రాసి, సర్వీసు పుస్తకం చెప్పిన వరసలో 29, ఆపై 69 న్యూటన్ మీటర్లకు బిగించి, 180 డిగ్రీల చొప్పున రెండుసార్లు వదులుచేయాలి. మళ్ళీ తక్కువ టార్కుకు తెచ్చి, ఆ పుస్తకం చెప్పినన్ని డిగ్రీలు విడతలుగా తిప్పాలి. మధ్యలో ఆ వదులు చేసే మెట్టు దాటేసే మెకానిక్కులున్నారు, అలా చేసిన పని నిలవదు.

---

కొత్తస్టీరింగ్:

చాలా స్పష్టంగా చెప్పారండి, ధన్యవాదాలు. ఆ ఫారెస్టర్‌కు టైమింగ్ బెల్టు (క్రాంకు షాఫ్టుతో కలిపి క్యామ్ షాఫ్టులను తిప్పేది) మార్చిన రశీదు లేదట. గ్యాస్కెట్ పనితో పాటు చేయించుకోవచ్చా, ముందే మార్చాలా?

---

గ్యాస్కెట్‌గట్టు:

రశీదు లేదంటే మార్చలేదని అనుకోండి. దేశాన్ని బట్టి గడువు 1,00,000 నుంచి సుమారు 1,68,000 కి.మీ. దాకా ఉంటుంది. ఏళ్ళ లెక్కన మీ బండికి ఎప్పుడో దాటింది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. బెల్టు ఒక్కటే కాదు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ పుల్లీలు, వాటర్ పంపు కలిపి మార్చాలి. చాలాసార్లు ముందు పోయేది ఐడ్లర్ బేరింగే, అది పట్టేస్తే కొత్త బెల్టూ పోతుంది.

రెండు జాగ్రత్తలు. పుల్లీల మీద బాణం గుర్తులుంటాయి, బెల్టు వాటికి కలపకూడదు, గీత గుర్తులకు కలపాలి. క్రాంకు పుల్లీలో ఈ తప్పే ఎక్కువ. పాత టెన్షనర్‌నే వాడుతుంటే నిలువుగా పెట్టి మూడు నిమిషాలకు తగ్గకుండా నిదానంగా నొక్కి పిన్ను పెట్టాలి. గబుక్కున నొక్కితే లోపలి సీలు పోతుంది. తర్వాత కూలెంటు పోసేటప్పుడు గాలి పూర్తిగా పోయేదాకా వదలొద్దు. హీటరు ఐడిల్లో చల్లగాలి ఇస్తోందంటే లోపల ఇంకా గాలి బుడగ ఉంది.

---

నాలుగుచక్రాలు:

టైర్ల సంగతి నేను చెప్తాను. పుకారు కాదు, కచ్చితమైన లెక్క ఉంది. నాలుగు టైర్ల చుట్టుకొలత మధ్య తేడా పావు అంగుళం, అంటే దాదాపు 6 మి.మీ. మించకూడదు. వ్యాసార్థంలో అది ఒక్క మిల్లీమీటరు మాత్రమే. మూడు టైర్ల గాడి 4 మి.మీ. మిగిలి, నాలుగోది 8 మి.మీ. కొత్తది వేస్తే చుట్టుకొలతలో తేడా 25 మి.మీ. వస్తుంది. ఆ చక్రం తిన్నగా పోతున్నా వేరే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ముందు వెనకల మధ్య ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు, పాత మాన్యువల్ గేర్ల బళ్ళలో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో పనిచేసే జోడింపు) ఆ తేడాను రాసుకుంటూ భరించి కాలిపోతాయి.

టేపు తీసుకెళ్ళి టైరు నడుమ చుట్టూ కొలవండి, నాలుగూ ఒకే గాలితో ఉండాలి. తర్వాత ఖాళీ స్థలంలో, వేడెక్కిన బండిని స్టీరింగు పూర్తిగా తిప్పి చాలా నెమ్మదిగా గుండ్రంగా పోనివ్వండి. బ్రేకు పట్టినట్టు ఆగి ఆగి గెంతితే ముందు వెనకలను కలిపే ఆ సెంటర్ కప్లింగ్ బిగుసుకుంది. పంచరైతే మీ 2006 ఆటోమేటిక్‌కు ఒక సౌకర్యం ఉంది. బానెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని రాసిన ఫ్యూజు అర ఖాళీగా ఉంటుంది, చిన్న స్పేరు టైరుతో నడిపేటప్పుడు అక్కడ ఫ్యూజు పెడితే వెనక డ్రైవు ఆగుతుంది. ఇంటికొచ్చాక తీసేయడం మరవకండి. ఆగిపోయిన బండిని లాక్కెళ్ళాల్సి వస్తే నాలుగు చక్రాలూ నేల వదిలే లారీ మీదే.

---

నూనెచుక్క:

2013 అవుట్‌బ్యాక్ గురించి ఎవరూ అనలేదు. అందులో ఉన్నది కొత్త తరం ఎఫ్‌బీ25. టైమింగ్‌కు చైను, స్టీలు గ్యాస్కెట్ మొదటి నుంచే ఉంది. గ్యాస్కెట్ భయం దాదాపు పోయింది, దాని చోట ఆయిల్ తాగే అలవాటు వచ్చింది. తొలి ఎఫ్‌బీ ఇంజన్లలో పిస్టన్ల మీది ఆయిల్ కంట్రోల్ రింగుల వల్ల 0డబ్ల్యూ-20 అనే పలచని ఆయిల్ కాలిపోయేది, అమెరికాలో కోర్టుదాకా వెళ్ళి రాజీ కుదిరింది. అందుకని అమ్మేవారిని ఒకే ప్రశ్న అడగండి: రెండు ఆయిల్ మార్పుల మధ్య ఎంత కలుపుతున్నారు? కొన్నాక ప్రతి 1,500 కి.మీ.కి డిప్‌స్టిక్ చూడండి. దాని మీద రెండు గుర్తుల మధ్య దూరం సుమారు ఒక లీటరు. దీపం వెలిగేదాకా ఆగితే ఆలస్యమే. ఆపిన వెంటనే కాలిన ఆయిల్ వాసన వస్తే క్యామ్ క్యారియర్ (క్యామ్ షాఫ్టులను పట్టి ఉంచే భాగం) అతుకు చూపించండి, అక్కడ గ్యాస్కెట్ కాదు సీలెంటు ఉంటుంది. ఆయిల్ కారి ఎగ్జాస్టు మీద పడుతుంది.

సీవీటీ లోపల చైను, పుల్లీలు. దీనికి జీవితాంతం ఒకే ద్రవం చాలునన్న మాటతో నేను ఏకీభవించను. 80,000-1,00,000 కి.మీ.కి మార్చిన బళ్ళే నెమ్మదిగా పోతాయి. సుబారు చెప్పిన సీవీటీ ద్రవం తప్ప వేరేది పోయకూడదు. లెవెల్ చూడాల్సింది ఇంజను నడుస్తూ, ద్రవం 35-45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. సిగ్నల్ దగ్గర ఆగుతుంటే ఇంజను ఆగిపోబోతున్నట్టు తడబడితే గేర్‌బాక్సులో ద్రవం దారులు నడిపే వాల్వ్ బాడీ లేదా ఇంజనును గేర్‌బాక్సుతో కలిపే టార్క్ కన్వర్టర్ మీద అనుమానం. ఈ గేర్‌బాక్సులకు అమెరికాలో వారంటీ 10 ఏళ్ళకు పెంచాల్సి వచ్చిందంటే జబ్బు అరుదు కాదని అర్థం చేసుకోవచ్చు.

తప్పకుండా చెప్పాల్సిన ఇంకో మాట. ఈ బళ్ళ కింద ఒకటికి మించి డ్రెయిన్ ప్లగ్గులున్నాయి. ఇంజను ఆయిల్ అనుకుని ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిలో, సీవీటీ ద్రవమో వదిలేసి, పైనుంచి ఇంజనులో ఇంకో నాలుగైదు లీటర్లు పోసే పొరపాటు తరచూ జరుగుతుంది. ఇంజనులో ఆయిల్ మోతాదు మించుతుంది, డిఫరెన్షియల్ ఎండిపోయి గేర్లు మాడతాయి. బయటికొచ్చిన ఆయిల్ నల్లగా లేకపోతే అక్కడే ఆపేయండి.

---

బాక్సర్‌ప్రియ:

రెండింటిలో దేనికి ఓటంటే, అంచు పొడిగా ఉండి, టైర్లు నాలుగూ ఒకేలా అరిగిన ఫారెస్టర్ దొరికితే నేను దాన్నే అంటాను. బెల్టు సెట్టు ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. ఆ నాలుగు గేర్ల ఆటోమేటిక్ మొండి ఘటం, దాని యజమానులు గేర్‌బాక్సు గురించి గొణగడం అరుదు. గొణిగేదంతా మైలేజీ గురించే, నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిరుగుతుంటే పెట్రోలు అంతే తాగుతుంది. అవుట్‌బ్యాక్ కావాలంటే సీవీటీ ద్రవం మార్చిన రశీదు, ఆయిల్ కలిపిన లెక్క చూపించాలి. రెండు బళ్ళకూ టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్ వర్తిస్తుందో లేదో, పని జరిగిందో లేదో ఛాసిస్ నంబరు పెట్టి చూసుకోండి, ఆ మార్పిడి ఉచితమే.