గోంగూర పప్పు: అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసేయొచ్చా?

గుంటూరు_కోడలు:
మా ఇంట్లో వారం నుంచి ఇదే గొడవ. పొద్దున ఎనిమిదిన్నరకి బస్సు ఎక్కాలి కాబట్టి నేను కందిపప్పు, గోంగూర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు అన్నీ కుక్కర్లో వేసేసి, ఐదు విజిల్స్ వచ్చాక గుత్తితో మెదిపి తాలింపు పెట్టేస్తాను. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య మాత్రం పప్పు విడిగా ఉడికించి, గోంగూర విడిగా నూనెలో మగ్గించి, ఆ తర్వాత రెండూ కలుపుతారు. "నువ్వు చేసేది పప్పు కాదమ్మా" అని మొహం మీదే అనేశారు, బాధేసింది. రుచిలో నిజంగా తేడా ఉందా, లేక అలవాటేనా?

కోనసీమ_వంటిల్లు:
తేడా ఉందమ్మా, మీ అత్తగారిదే కరెక్టు. పులుపు తగిలితే పప్పు బద్ద త్వరగా మెత్తబడదు. బద్దని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు కాబట్టి ఎన్ని విజిల్స్ వచ్చినా అక్కడక్కడా పలుకు తగులుతుంది. గోంగూరే కాదు, చింతపండు, మామిడికాయ, టమాటా అన్నిటికీ ఇదే సంగతి. మా అమ్మమ్మకి ఈ పెక్టిన్ సంగతులేమీ తెలియవు. గరిటెతో రెండు బద్దలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది, మధ్యలో గట్టిగా తెల్లటి చుక్క మిగిలితే చింతపండు పులుసు గిన్నె ముట్టుకునేది కాదు. ఆ పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

బెజవాడ_టీచరమ్మ:
అమ్మమ్మ పప్పు అమృతమే, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడిందో ఎవరైనా లెక్కపెట్టారా? మా అమ్మ ఉద్యోగం చేస్తూ ముగ్గురు పిల్లల్ని పెంచింది, రోజూ కుక్కర్ పప్పే. మూడో విజిల్ వినపడగానే మేం పుస్తకాలు మూసేసి కంచాలు కడుక్కునేవాళ్లం. వేడన్నంలో ఆ పప్పు, నెయ్యి, పక్కన వేయించిన అప్పడం. నాకు చిన్నప్పటి రుచి అంటే అదే, దాన్ని పప్పు కాదంటే నేను ఊరుకోను. గుంటూరు చెల్లీ, మీరు చేసేది పప్పే. రోజూ వండేవాళ్లకి తమ దారి ఎంచుకునే హక్కు ఉంది.

నల్గొండ_బిడ్డ:
అక్కా, మీరిద్దరూ నీళ్ల సంగతి మర్చిపోయారు. మా ఊళ్లో బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పులుపు వేయకపోయినా పప్పు ఉడకదు. మా అమ్మ తాగే ఫిల్టర్ నీళ్లే పోసి పప్పు అరగంట నానబెడుతుంది, సగం టెన్షన్ అక్కడే పోతుంది. పప్పు పాతదైతే ఇంకొంచెం ఎక్కువసేపు నానాలి. కొందరు తినేసోడా చిటికెడు వేస్తారు, దయచేసి వద్దు, ఉడకడమైతే ఉడుకుతుంది గానీ సబ్బు వాసన వస్తుంది, పప్పులో ఉండే బి1 విటమిన్ కూడా పోతుంది. మేం గోంగూరని పుంటికూర అంటాం, ఎర్ర కాడదైతే పులుపు ఎక్కువ, అది పప్పుతో పాటు అసలు వేయొద్దు. మరీ టైమ్ లేని రోజు ముద్దపప్పు ఒక్కటి కుక్కర్లో పెట్టి పచ్చిపులుసు పిసుక్కుంటే చాలు, పొయ్యి మీద రెండో గిన్నే అక్కర్లేదు.

డాలస్_నాన్న:
ఇక్కడ మాకు దొరికేది ఎక్కువగా ఫ్రీజర్ గోంగూరే. నేను కుక్కర్ అడుగున నీళ్లు పోసి, కింది గిన్నెలో పప్పు, నీళ్లు, పసుపు, చెంచా నూనె పెడతాను. పైన చిన్న గిన్నెలో చుక్క నీరు పోయకుండా గోంగూర, పచ్చిమిర్చి. రెండూ ఒకే ఆవిరిలో ఉడుకుతాయి కానీ పులుపు పప్పుకి తగలదు. మూత తీశాక కలిపి మెదిపి, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చితో తాలింపు. మా అమ్మ వీడియో కాల్లో చూసి గోంగూర నూనెలో మగ్గిన వాసన రాదురా అంది, అది నిజమే. అయినా మా పాపకి జ్వరం తగ్గగానే మొదట అడిగేది ఈ పప్పే.

గుంటూరు_కోడలు:
ఇవాళ రెండూ కలిపి చేశాను. లేవగానే పప్పు నానేసి, స్నానం అయ్యాక కుక్కర్ ఎక్కించి, విజిల్స్ వచ్చేలోపు పక్క పొయ్యి మీద గోంగూర మగ్గబెట్టాను. నూనెలో వేసిన రెండు నిమిషాలకే పచ్చదనం పోయి ఖాకీ రంగుకి తిరిగి ముద్దయిపోయింది, ఆ పుల్లటి వాసనకి అత్తయ్య లోపల్నుంచి లేచి వచ్చారు. పలుకు లేదు, టైమ్ ఓ పది నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే. టీచరమ్మ అక్కా, మీ మాట కూడా ఆవిడకి చదివి వినిపించాను, "నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. రేపు మామిడికాయ పప్పు, ముక్కలు ఎప్పుడు వేయాలి?

కోనసీమ_వంటిల్లు:
జీడి తీసేసి, చెక్కు ఉంచి, కొంచెం పెద్ద ముక్కలు కొయ్యమ్మా. పచ్చిమిర్చితో విడిగా ఉడికించి చివర్లో కలుపు, గుత్తి మాత్రం ముక్కలు వేయకముందే తిప్పేయి.