ఐసోసైనేట్ లేకుండా పీయూ వార్నిష్ చేయొచ్చా?

చెక్కరంగుల శీను:
జీడిమెట్లలో మాది చిన్న యూనిట్. ఫర్నిచర్‌కి రెండు డబ్బాల పీయూ (పాలీయూరెథేన్) కోటింగ్ చేస్తాం. ఒక డబ్బాలో పాలియాల్, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. హార్డెనర్ టీడీఐ అనే ఐసోసైనేట్‌ది, క్యాటలిస్ట్ (చర్యని వేగం చేసేది) డీబీటీడీఎల్, అంటే టిన్‌ది. స్ప్రే కొట్టే కుర్రాడికి ఆయాసం మొదలైంది. డాక్టరు ఐసోసైనేట్‌కి దూరంగా ఉంచమన్నారు. భోపాల్‌లో లీకైంది ఇదేనా? ఇది లేకుండా పీయూ వస్తుందంటున్నారు, నిజమేనా?

పాలిమర్ పద్మ:
శీను గారూ, ముందు ఆ అబ్బాయిని స్ప్రే నుంచి తప్పించండి. ఒకసారి పడకుండా పోయాక ఇసుమంత ఆవిరికే ఆయాసం తిరగబెడుతుంది. మాస్కుతో నెట్టుకొద్దాం అనుకోకండి.

భోపాల్‌ది మిథైల్ ఐసోసైనేట్. 39 డిగ్రీలకే మరుగుతుంది. టీడీఐ మరగాలంటే 250 దాకా వెళ్లాలి. కుటుంబం ఒకటే, రెండింటినీ మామూలుగా ఫాస్జీన్ అనే విషవాయువుతోనే చేస్తారు.

ఇక మీ అసలు ప్రశ్న. నిజమే, వస్తుంది. సోయానూనెలోని డబుల్ బాండ్లకి ఆక్సిజన్ తగిలించి ఎపాక్సీగా మార్చి, అందులోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. టీబీఏబీ అనే ఉప్పు క్యాటలిస్ట్, వేడి 100 డిగ్రీల పైన. అలా వచ్చిన సైక్లిక్ కార్బొనేట్‌కి డైఅమీన్ కలిపితే యూరెథేన్ బంధం, అంటే పీయూలో ఉండే లంకె, తయారు. ఫాస్జీన్ జోలికే పోనక్కర్లేదు.

చిక్కల్లా మీ చెక్కతోనే. మామూలు గది వేడికి ఇది బాగా నెమ్మది. టీబీడీ లాంటి ఆర్గానిక్ క్యాటలిస్ట్ వేసినా ఎక్కువగా వేడి పెట్టాల్సిందే. టేకు బల్లని ఓవెన్‌లో పెడతామా? పైగా ప్రతి బంధం పక్కనా ఒక హైడ్రాక్సిల్ (OH గుంపు) మిగులుతుంది, అది తేమని లాగుతుంది. వానాకాలంలో కస్టమర్ ఫోన్లు మీకే వస్తాయి! డైఅమీన్ కూడా సాధువేం కాదు, చర్మాన్ని కాలుస్తుంది.

టిన్‌ని మాత్రం ఇప్పుడే మార్చొచ్చు. డీబీటీడీఎల్‌ని యూరప్‌లో సంతానోత్పత్తికి హాని చేసే రసాయనాల్లో చేర్చారు. బదులు బిస్మత్ నియోడెకనోయేట్ వేయండి. మోతాదు కాస్త పెరగొచ్చు. అయితే దీంతో కుర్రాడి ఆయాసం తగ్గదు, అది టీడీఐ పని.

ఓరుగల్లు రీసెర్చ్:
మేడమ్, సోయా ఎందుకు? పాలమూరు ఆముదం ఉందిగా!

పాలిమర్ పద్మ:
ఆముదంలో హైడ్రాక్సిల్ పుట్టుకతోనే ఉంది, అందుకే పాలియాల్‌గా బంగారం. కానీ ఎపాక్సీకి కావాల్సినవి డబుల్ బాండ్లు. ఆముదంలో కొవ్వు గొలుసుకి ఒక్కటే. సోయాలో అంతకన్నా ఎక్కువ, అవిసె నూనెలో ఇంకా ఎక్కువ. సైక్లిక్ కార్బొనేట్‌కైతే నా ఓటు అవిసెకే.

చెక్కరంగుల శీను:
థాంక్స్ మేడమ్. కుర్రాణ్ని ఇవాళే ప్యాకింగ్‌కి మార్చాను. బిస్మత్ శాంపిల్ అడిగా. దాన్ని పాలియాల్ డబ్బాలోనే ముందే కలిపి అమ్మొచ్చా?

పాలిమర్ పద్మ:
ముందు పాలియాల్‌లో తేమ ఎంతుందో చూపించుకోండి. తేమ ఉంటే బిస్మత్ నిల్వలోనే చచ్చిపోతుంది. నెల రోజులు పక్కన పెట్టి, ఆరే టైం మళ్లీ కొలిచాకే మార్కెట్లోకి వదలండి.