‘సెక్స్’ అన్న ఒక్క మాట చాలదా, విడిగా చట్టం కావాలా?

లాపాయింట్:
గే అనో ట్రాన్స్‌జెండర్ అనో ఉద్యోగంలోంచి తీసేయకుండా కొత్త చట్టం తేవాలంటున్నారు. అక్కర్లేదంటాను. అమెరికాలో ఉద్యోగాల్లో వివక్ష కూడదనే 1964 నాటి చట్టంలో ఉన్నది ‘సెక్స్’ (ఆడా మగా అన్న లింగభేదం) అన్న మాటే. జార్జియాలో జెరాల్డ్ బోస్టాక్ అనే కౌంటీ ఉద్యోగి గేల సాఫ్ట్‌బాల్ లీగ్‌లో చేరాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2020లో సుప్రీంకోర్టు 6-3తో ఆ పాత మాటే ఆయన్నీ కాపాడుతుందంది. తీర్పు రాసిన జస్టిస్ గోర్సచ్ లాజిక్ చూడండి: ఇద్దరు ఉద్యోగులు, పనిలో ఒకరికొకరు తీసిపోరు, ఇద్దరికీ మగవాళ్లంటేనే ఆకర్షణ. ఒకరు ఆడ, ఒకరు మగ. మగాయన్నే తీసేశారంటే, ఆయన మగాడైనందుకే కదా? ఇది రాసింది ట్రంప్ నియమించిన జడ్జి!

గడుసుపిల్ల:
లాజిక్‌కేం, భేషుగ్గా ఉంది. అదే తీర్పులో ఎయిమీ స్టీఫెన్స్ కేసు కూడా ఉంది, అది చదివారా? ఆవిడ ట్రాన్స్‌జెండర్ మహిళ, అంత్యక్రియల సంస్థలో పనిచేసేది. ఇకనుంచి ఆడమనిషిగానే డ్యూటీకి వస్తానని 2013లో యజమానికి ఉత్తరం ఇచ్చింది. రెండు వారాల్లో తీసేశారు. తీర్పు 2020 జూన్ 15న వచ్చింది. ఆవిడ మే నెలలోనే పోయింది. మాట విడమరిచి రాసుంటే అది చట్టం కిందకి వస్తుందా రాదా అని ఏడేళ్లు తేల్చుకోవాల్సి వచ్చేదా? పైగా ఆ చట్టం వర్తించేది 15 మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులున్న చోటే.

లాపాయింట్:
రాస్తే మాత్రం? మన 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో ఉద్యోగంలో వివక్ష కూడదని సెక్షన్ 9 శుభ్రంగా రాసింది. శిక్షలు చెప్పే సెక్షన్ 18లో ఆ ఊసే లేదు.

గడుసుపిల్ల:
అది సరిగ్గా రాయని చట్టం. దానికి మందు సరిగ్గా రాయడమే. మీ దారి ఇక్కడ అసలు నడవదండీ. మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో ఇచ్చిన నల్సా తీర్పు, స్వలింగ సంబంధం నేరం కాదంటూ 2018లో ఇచ్చిన నవ్‌తేజ్ తీర్పు ‘సెక్స్’ని విశాలంగానే చదివాయి. కానీ ఉద్యోగాల విషయంలో వివక్ష కూడదనే రాజ్యాంగం 15, 16 అధికరణాలు కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు కంపెనీ మీదికి వాటితో నేరుగా ఎలా వెళ్తారు?

మూడో బెంచీ:
మీరిద్దరూ మాటల దగ్గరే ఆగిపోయారు. మా పాత ఆఫీసులో ఒకతను గే అని తెలిసిన నెలకే పంపేశారు. కాగితం మీద ఏముందో తెలుసా? ‘టీమ్‌లో ఇమడలేదు’. అంతే. ఇక అతను ఏం రుజువు చేస్తాడు? యూరప్‌లో 2000 నాటి డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన యూరోపియన్ యూనియన్ ఆదేశం) ఈ ముడి కొంత విప్పింది: వివక్ష అనిపించే ఆధారాలు ఉద్యోగి చూపిస్తే, కాదని నిరూపించుకోవాల్సింది యజమానే.

లాపాయింట్:
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. రుజువు భారం ఎవరిదో పాత మాటలోంచి పిండి తీయలేం. ఆ క్లాజు కోసమైతే చట్టం రాయండి, ఒప్పుకుంటాను. మిగతాదానికి కాదు.