“వాడుక” అంటే ఒక మాట, ఒక మనిషి

మాది తెనాలి వైపు పల్లె. మా ఇంటికి పాలు పోసే ఆవిడ “ఈ బజారులో నాకు ఏడు వాడుక ఇళ్లున్నాయి” అనేది. వాడుక పాలు, వాడుక ఇల్లు. కొన్నవాళ్లందరూ వాడుక కారు, రోజూ పోయించుకునేవాళ్లే వాడుక. “వాడుక తప్పకూడదు” అన్నది ఆమె నియమం.

ఒక ఏడాది ఆమె గేదె వట్టిపోయింది. ముందురోజు సాయంత్రమే మా అమ్మ దగ్గరికి వచ్చి, “రేపటి నుంచి మా గేదె పాలు కాదమ్మా, మరిది వాళ్లింటి నుంచి తెస్తా. మీగడ పల్చగా కడుతుంది, ఏమనుకోవద్దు” అని చెప్పి వెళ్లింది. ఏం మారుతోందో, ఎప్పటి నుంచో, ఎవరు తెస్తారో, మనకు ఏం తగ్గుతుందో అన్నీ ఆ రెండు ముక్కల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఒక సంస్థకు తెలుగు సందేశాలు రాసిపెడతాను. మొన్న నా దగ్గరికి వచ్చిన వాక్యం: “వినియోగదారుని ఫిర్యాదు స్వీకరించబడినది. తగు చర్యలు తీసుకొనబడును.” దాన్ని మామూలు తెలుగులోకి మార్చబోయి ఆగిపోయాను. “తీసుకుంటాం” అని రాయాలంటే తీసుకునేదెవరో తెలియాలి. “ఎవరు, ఎప్పుడు?” అని అడిగాను. మూడు విభాగాలకు ఫోన్లు తిరిగాయి, ఎవరికీ తెలియదు. “బడును” అన్న ఒక్క ముక్క వెనక అన్నాళ్లూ ఎవరూ తీసుకోని నిర్ణయం దాగి ఉంది. చివరికి పెద్దావిడ ఒకరు కూర్చుని గడువు తేల్చారు: “మీ ఫిర్యాదు అందింది. రేపు సాయంత్రం ఆరు లోపు మేమే ఫోన్ చేస్తాం.” నా దృష్టిలో నాయకత్వమంటే ఆవిడ ఆ పూట చేసిన పని.

గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడింది బడి పిల్లల కోసం, చదువరుల కోసం. ఆ మాటే వ్యాపారానికీ అక్షరాలా వర్తిస్తుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. వాడుక మనిషితో వాడుక భాషలో చెప్పలేకపోతున్నామంటే, చాలాసార్లు లోపం భాషలో ఉండదు. చెప్పాల్సింది మనకే తేలి ఉండదు.

మీ వైపు కొనేవాళ్లను ఏమంటారు?

వ్యాఖ్య (కరీంనగర్ నుంచి): మా దిక్కు గిరాకీ అంటం. “పొద్దుగాల్నుంచి ఒక్క గిరాకీ రాలే” అంటే మనిషి రాలేదని. ఆటో అన్నలు గూడ “గిరాకీ దొరికింది” అంటరు.

జవాబు: బాగా గుర్తుచేశారండీ. మా వైపు గిరాకీ సరుక్కి ఉంటుంది, “ఈసారి మిర్చికి గిరాకీ ఉంది” అంటాం. మనిషి వస్తే “బేరం వచ్చింది” అంటాం. మరాఠీలో గిర్హాయిక్ అంటే కొనేవాడే. సంస్కృతంలో గ్రాహకుడు, తీసుకునేవాడు. అంటే మీ వాడుకలోనే మనిషి మిగిలాడు, మా దగ్గర సరుకు మిగిలింది. బేరం అన్నప్పుడు ఆ ఒక్క పూట లావాదేవీ మాత్రమే కనిపిస్తుంది, మనిషి రేపు మళ్లీ వస్తాడా అన్న ధ్యాస అందులో లేదు. పేరు మారితే చూపు మారుతుందని నేను నమ్ముతాను.

వ్యాఖ్య: మరి వినియోగదారుడు తప్పు మాటా? చట్టంలో అదే ఉందిగా.

జవాబు: తప్పు కాదండీ, చట్టానికి అది కావాలి. 1986 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ ఆ మాటకు కచ్చితమైన హద్దులున్నాయి. తిరిగి అమ్ముకోవడానికి సరుకు కొన్నవాడు అందులోకి రాడు. మా ఊరి కిరాణా కొట్టాయన హోల్‌సేల్ దుకాణానికి ఇరవై ఏళ్ల వాడుక, కానీ అక్కడ కొన్న బియ్యం బస్తాకు ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. కోర్టు కాగితంలో ఆ మాట ఉండనివ్వండి. ఆయన ఫోనుకు పంపే సందేశంలో మాత్రం “మీరు” అంటే సరిపోతుంది.

తెలుగు వికీపీడియా వాళ్లు యూజర్‌కు “వాడుకరి” అని పెట్టుకున్నారు చూడండి, నాకు చాలా ఇష్టమైన మాట. పాలావిడకు చెబితే వెంటనే అర్థమవుతుంది.