ఎన్‌డీఎమ్: పింగ్ వస్తోంది, ఫైలు మాత్రం పోవట్లేదు

పచ్చతెర:
మెయిన్‌ఫ్రేమ్‌లో కొత్త టెస్ట్ ఎల్‌పార్‌లో (మెషీన్‌ని విడగొట్టిన ఒక భాగం) కనెక్ట్ డైరెక్ట్ వేశాం, అదే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్, పాత పేరు ఎన్‌డీఎమ్. మా లోకల్ నోడ్ టెస్ట్02. అవతల క్లయింటు యూనిక్స్ బాక్సు. నెట్‌మ్యాప్‌లో (ఏ నోడ్ ఎక్కడుందో రాసుకునే జాబితా) వాళ్ల ఎంట్రీ రాశాను, పింగ్ వస్తోంది. ఫైలు పంపే ప్రాసెస్ సబ్మిట్ చేస్తే కలిసినట్టే కలిసి తెగిపోతోంది. ప్రొడక్షన్ నుంచి అదే బాక్సుకి రోజూ పోతోంది! రాత్రి రెండున్నర, క్లయింటు కాల్‌లోనే ఉన్నాడు. ఏం చూడాలి?

ఆదివారం షిఫ్టు:
ఫైర్‌వాల్ వాళ్లని అడిగావా బ్రో?

పచ్చతెర:
రెండుసార్లు. పోర్టు 1364 తెరిచే ఉందట.

పాత పంచ్‌కార్డు:
ఫైర్‌వాల్ కాదు తమ్ముడూ. తలుపు తీశారు, పేరు అడిగి వెనక్కి పంపేశారు. ముందు ఒక మాట: ఎంట్రీలు రాసే మెంబరు ఎడిట్ చేసి సేవ్ కొట్టి ఊరుకోలేదు కదా? అసలు నెట్‌మ్యాప్ వేరే వీశామ్ ఫైలు (మెయిన్‌ఫ్రేమ్ డేటా ఫైలు రకం), అప్‌డేట్ నెట్‌మ్యాప్ కమాండ్ ఇస్తేనే ఎక్కుతుంది. నేనే ఒకసారి ఇలా ఒక పూట పోగొట్టుకున్నాను.

అది అయి ఉంటే తప్పు అవతలే. నువ్వు పంపేటప్పుడు నువ్వు పీనోడ్ (మొదలుపెట్టే వైపు), వాళ్లు ఎస్‌నోడ్ (అవతలి వైపు). వాళ్ల నెట్‌మ్యాప్ చెక్ (జాబితాలో లేని నోడ్‌ని ఆపేది) ఆన్‌లో ఉంటే నీ పేరు వాళ్ల నెట్‌మ్యాప్ డాట్ సీఎఫ్‌జీలో ఉండాలి. ప్రొడక్షన్ పేరు ఎప్పుడో రాసుకున్నారు కాబట్టి అది పోతోంది. యూనిక్స్‌లో చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. మన వైపు ఐఎస్‌పీఎఫ్‌ ఎడిటర్లో క్యాప్స్ ఆన్ ఉంటే అన్నీ పెద్దక్షరాలైపోతాయి. వాళ్లని సెలెక్ట్ స్టాటిస్టిక్స్ కమాండ్ కొట్టమను, నీ పేరు వాళ్లకి ఎలా చేరిందో కనిపిస్తుంది. చెక్ తీసేయమని మాత్రం అడగకు, ఆడిట్‌లో నీ పేరే వస్తుంది.

పచ్చతెర:
అన్నా, అదే! ఎంట్రీ రాశారు, కానీ మొత్తం చిన్నక్షరాల్లో. మార్చాక ఒక ఫైలు పోయింది. రెండోది మళ్లీ తెగింది.

పాత పంచ్‌కార్డు:
మీకు రెండు ఐపీలు ఉన్నాయా?

పచ్చతెర:
ఉన్నాయి. ఒకటి వీపా (వర్చువల్ ఐపీ).

పాత పంచ్‌కార్డు:
అయితే వాళ్ల ఎంట్రీలో కామ్ ఇన్ఫో (అడ్రసు రాసే చోటు) కింద ఒకటే ఉండుంటుంది, రెండో ఫైలు ఇంకో ఐపీ నుంచి వెళ్లుంటుంది. రెండోది ఆల్టర్నేట్ కామ్ఇన్ఫోలో చేర్చమను.

పచ్చతెర:
చేర్చారు. ఐదు ఫైళ్లూ పోయాయి. క్లయింటు "గుడ్ మార్నింగ్" అని పెట్టేశాడు, నేనింకా భోజనమే చెయ్యలేదు.